నా పాస్‌పోర్టు ఇచ్చీ బావా

దేవుడి గూట్లో నేదు. బీరువాలో నేదు. బియ్యం డ్రమ్ములో మోసెయ్యి దాకా ఎట్టి కెలికినాను, అక్కడా నేదు. ఇంకెక్కడ ఎతకమంతావు బావా? నోరిప్పి సెప్పు!

గేటు కాడ ఆటో వొచ్చి నిలబడిపోనాది. ఇనబడతందా హారను? ఢిల్లీబాబు ఊరుకోడు, కొడతానే ఉంటాడు. సెన్నై బండి నా గురించి పలాస టేసన్లో ఆగి కూకోదు గదా.

నువ్వేమో పెరట్లో పీటేసుకుని ఈ నీళ్లపొయ్యి ముందు కూకున్నావు. కొబ్బరి డొక్కలు ఒకటెనకాల ఒకటి తోత్తన్నావు. ఎవులికి ఈ నీళ్లు? నా స్నానం అయిపోనాది, నీదీ అయిపోనాది. మసిలి మసిలి సగానికి వొచ్చీసినాయి. ఇటు సూడు. ఒక్కసారి నాకేసి సూడు.

ఆదివారం నుంచి నాతో మాట నేదు. అన్నం ఎడితే తింతన్నావు, కంచం కడిగీసి ఎల్లిపోతన్నావు. హిమజ విశాఖపట్నం నుంచి ఫోను సేసి 'నాన్నకియ్యమ్మా' అంటే, సెవి కాడ ఎట్టుకుని 'ఊ, ఊ' అన్నావు. కన్నకూతురికి ఊ అయినా ఉంది. కట్టుకున్నదానికి అది కూడా నేదు.

తిట్టు బావా. కొట్టడం నీకు సేతకాదు, తిట్టడమైనా వొచ్చు గదా. లాబులో బీకరు పగలగొట్టినోడిని ఎలాగ తిట్టేవోడివి! పక్క క్లాసులో నా సెయ్యి బోర్డు మీద ఆగిపోయేది. ఇప్పుడేటి ఆ నోరు?

పాస్‌పోర్టు నువ్వే తీసినావు. ఇంకెవులు తీత్తారు? దొంగలొచ్చి నా పుస్తెలతాడు వొగ్గీసి పాస్‌పోర్టు అట్టుకెల్లిపోతారా?

పొద్దున్నుంచీ నన్ను నేనే తిట్టుకున్నాను. 'కళావతీ, నీ బుర్ర పాడైపోనాది, ఎక్కడో పారేసుకున్నావు' అని. ఎందుకంటే జనార్దనరావు మేష్టారు పెళ్లం పాస్‌పోర్టు దాసినాడంటే ఈ కాశీబుగ్గలో ఎవులూ నమ్మరు. నేనూ నమ్మనేదు. నువ్వు తల కిందకి దించీసుకున్నావు సూడు, ఇప్పుడు నమ్మినాను.

ఎవులు సేసినా ఇంత బాద ఉండేది కాదు. నువ్వా?

పెళ్లినాటికి నాది ఇంటరు. నిమ్మాడలో మా అయ్య 'ఆడగుంటకి ఇంకేటి సదువు, ఊడుపులకి మనుసులు నేక సత్తంటే' అన్నాడు. మేనత్త కొడుకువి, నీకు ఇత్తే ఇంట్లో పిల్ల ఇంట్లోనే ఉంటాదనుకున్నాడు. నువ్వు పెళ్లిపీటల మీంచి లెగిసిన వారానికే మా అయ్యతో ఏటన్నావు? 'మావా, నా పెళ్లం డిగ్రీ సదువుతాది' అన్నావు.

టెక్కలిలో పరీచ్చలు. నువ్వే సైకిలు మీద ఎనక కూకోబెట్టుకుని తీసుకెల్లేవోడివి. మీ అప్ప, పైడమ్మొదిన, వీధి మొగలో నిలబడి పదిమందీ ఇనేలాగ 'మొగుడు డ్రైవరు, పెళ్లం కలకటేరు' అని నవ్వింది. నాకు సిగ్గేసి దిగిపోతానంటే నువ్వు బెల్లు గట్టిగా కొట్టుకుంటా ఎల్లిపోయావు.

ఇంటిగ్రేషను నాకు బుర్రకెక్కక ఏడిత్తే, సుమ్మాదేవి ఊరి జీడితోటలో రాలిన పండు ఏరి, సన్నంగా సెక్కలు సెక్కలు కోసి, గుడ్డ మీద పరిసినావు. 'ఇయ్యన్నీ మళ్లీ కలిపితే పండు. అదే ఇంటిగ్రేషను. బెమ్మవిద్యేం కాదు' అన్నావు. ఆ సెక్కలు తినీసి ఇద్దరికీ గొంతు పట్టీసింది. ఇప్పటికీ నేను ఆ పాఠం అలాగే సెప్తాను. జీడిపండు నేకపోతే జాంపండు కోత్తాను.

నేను మర్సిపోయానని అనుకుంతన్నావా? నన్ను టీచరుని సేసినోడివి నువ్వే. అందుకే గదా ఇంత గొంతు సించుకుంతన్నాను.

సరే. అక్కడి సంగతి మాటాడుకుందాం. నువ్వు మాటాడవు, నేను మాటాడతాను, నువ్వు ఇను.

పలాసలో నువ్వు కాలేజీలో, నేను కాన్వెంటులో అరిసి అరిసి గొంతులు పోగొట్టుకున్న రోజుల్లో మాల్దీవుల కబురొచ్చింది. టీచర్లు కావాలంట అని. ముందు నువ్వెల్లావు. ఎనకాల నేను, ఫిజిక్సు సారు భార్యగా. ఏడాది మద్దిలో లెక్కల టీచరు మానీసి ఎల్లిపోతే, 'మా ఆవిడ ఉంది, క్లాసులో నిలబెట్టి సూడండి' అని నువ్వే సెప్పినావు. సూసినారు. ఉంచీసుకున్నారు.

ఆ దీవి ఏపాటిది? ఈ సివర నిలబడి కేకేత్తే ఆ సివర ఇనబడతాది. కానీ అందులో నువ్వు మారాజువి. సారు వత్తన్నారంటే జెట్టీ కాడ సేపలోళ్లు కూడా బీడీ కింద పడీసేవోరు. పై తరగతులన్నిటికీ సూపర్‌వైజరువి. టైంటేబులు నీది, లాబు తాళం నీది. సేపల గేలానికి కట్టే తీగతో నువ్వు సేసిన పరికరం మోగిత్తే, గుంటలంతా నోరు తెరుసుకుని సూసేవోరు.

ఇంటి కాడా నువ్వే. పడవ టికెట్టు నువ్వే, బేంకు కార్డు నువ్వే, కూరలోడితో బేరం నువ్వే. నా వర్కు పర్మిట్టు ఎప్పుడైపోతాదో నాకు తెల్దు, నీకు తెలుసు. నేను ఎప్పుడైనా అడిగినానా? అడగక్కర్లేదు గదా, సారు సూసుకుంటారు.

మరి ఆ రూలు మనకి కొత్తా? ఆ బడోళ్లు మొదట్లోనే సెప్పినారు. పరాయి దేశపు టీచర్లకి అరవై దాటితే పొడిగించరు. ఆళ్ల సొంతోళ్లయితే ఆ పైన కూడా ఉండొచ్చు. మనతో పనిసేసిన కేరళ మేష్టార్లు ఎంతమంది ఎల్లిపోనేదు? జెట్టీ కాడికెల్లి మనమే సెయ్యూపి వొచ్చీవోళ్లం. నువ్వు మాత్రం 'నన్ను పంపరులే' అన్నావు. అన్నావా నేదా?

అనేసి ఏడాది ముందే జుత్తుకి రంగెయ్యడం మొదలెట్టినావు. ప్రిన్సిపాలు గది ముందు మెట్లు రెండేసి ఎక్కేవోడివి. నేను ఎనకాల్నుంచి సూసి, 'పడిపోతావు బావా' అని నోటి దాకా వొచ్చి మింగీసేదాన్ని. పగవోడికి కూడా వొద్దు అలాటి సూపు, మొగుడు కుర్రోడినని సూపించుకోడానికి ఆయాసపడతంటే.

ప్రిన్సిపాలు షరీఫా మేడం నిన్ను పిలిసినాది. నేను వరండాలో కాపీలు దిద్దుతన్నాను, తలుపు తీసే ఉంది. నీకు టీ ఇచ్చి, 'మీలాటి టీచరు మళ్లీ మాకు దొరకరు సార్, కానీ రూలు రూలే' అంది. నువ్వేటన్నావు? 'మేడం, నాకు అరవై నిండితే న్యూటన్ సూత్రం మారిపోతాదా?' అన్నావు. ఆవిడ నవ్వింది. నువ్వు నవ్వనేదు. టీ ముట్టుకోకుండా లెగిసీసినావు. అంతా నాకు ఇనపడినాది బావా. బయటికొచ్చి 'సెలవులు గురించి మాటాడింది' అని నాతో అబద్దమాడినావు.

ఆ ఎనక ఆ కుర్రోడొచ్చాడు, కొత్త ఫిజిక్సోడు. సెవుల్లో ఆ తెల్ల ముక్కలెట్టుకుని. నువ్వు ఆడికి లాబులో ఒక్కో బీరువా తెరిసి సూపించినావు. ఏ అద్దానికి గీత పడ్డాది, ఏ స్విచ్చి ముట్టుకుంటే షాకు కొడతాది, అన్నీ. ఆడు ఫోను సూసుకుంతన్నాడు. నువ్వు సెప్తానే ఉన్నావు. నేను ఆణ్ణి కొట్టీద్దునా అనుకున్నాను.

పడవ కాడ గుంటలంతా ఏడిసినారు. నేనూ మానీసి నీతో వొచ్చీత్తానన్నాను. నా సామాను కూడా సగం సర్దీసుకున్నాను. వొద్దన్నదెవులు? నేనా? 'నువ్వుండు కళా. ఈలోపు నేను ఇంకో దేశం సూసుకుంటాను, అప్పుడు నిన్ను పిలుత్తాను' అన్నావు. ఈ నోటితోనే అన్నావు. ఇప్పుడు కుట్టీసుకున్నావే, ఈ నోటితోనే.

ఏటి? తల అడ్డంగా ఊపుతావేటి? అననేదా?

... ఆఁ. అన్నావు. ఆ మాత్రం ఒప్పుకో.

ఆ ఎనక ఇక్కడ నీకు ఎలాగ గడిసిందో నాకు తెలవదనుకోకు. హిమజ అన్నీ సెప్పింది. ఏ దేశపోడైనా మొదట అడిగేది నువ్వు ఎప్పుడు పుట్టినావనే. ఒకడికి యాబై లోపు కావాల. ఇంకోడు యాబై అయిదు దాకా సూత్తానన్నాడు. కంప్యూటర్లో ఇంటర్వ్యూ అంటే నువ్వు పైన సొక్కా, టై, కింద లుంగీ కట్టుకుని కూకున్నావంట. సెలవుకొచ్చిన హిమజ నవ్వుకుంటా కాఫీ అట్టుకొచ్చిందంట. అటుపక్క ఎవులో సిన్న గుంట, మన హిమజ కన్నా సిన్నది, 'సార్, మీ వయసు మా సిస్టం తీసుకోవట్లేదు' అందంట. నువ్వు 'పోనీ ఒక పాఠం సెప్పి సూపిత్తానమ్మా, ఇనండి' అన్నావంట. అప్పటికే ఆ గుంట ఫోనెట్టీసింది. నువ్వు టై ఇప్పకుండా అలాగే కూకుండిపోయావంట.

అది సెప్పి హిమజ ఏడిసింది. నేను అక్కడ స్టాఫురూములో నోరు మూసుకుని ఏడిసినాను.

పోనీ ఇక్కడైనా! ఉదయశంకర్ నీ కాడ సదువుకున్నోడే గదా. ఇప్పుడు కాలేజీకి కరెస్పాండెంటు. రెండు క్లాసులియ్యి నాయినా అని ఎల్తే, 'మేష్టారూ, మీరు రెస్టు తీసుకోండి, ఫంక్షన్లకి సీఫ్ గెస్టుగా పిలుత్తాం' అన్నాడు. పాఠం అడిగితే శాలువా కప్పినాడు.

ఈ వీధిలోనూ అంతే. ఎవులు ఎదురైనా 'మేడం ఎప్పుడొత్తన్నారు సార్' అనే అడుగుతారు. నీ గురించి అడిగీవోడు ఒక్కడూ నేడు. పైడమ్మొదిన సోంపేట నుంచి బస్సెక్కి మరీ వొచ్చి, 'ఆడది దేశాలట్టుకు తిరుగుతంది, మొగోడు అంట్లు తోముతన్నాడు' అని ఇదే పెరట్లో కూకుని అంతాది. నువ్వు ఇని, ఆవిడికి టీ ఎట్టి ఇత్తావు.

నాకు తెలుసు బావా. అన్నీ తెలుసు. అందుకే సెప్పనేకపోయాను.

ఆదివారం సంగతే. రా, దాని కాడికే వొచ్చాం.

వరండాలో మనిద్దరం పనసపొట్టు కొడతన్నాం. నువ్వు కాయ కోత్తన్నావు, సేతికి నూని రాసుకుని. నవ్వుతన్నావు కూడా. సెలవులకి నేనొచ్చాక నువ్వు అలాగ నవ్వడం అదే మొదలు. అప్పుడే దీవిలో మన పక్కింటి టీచరు అమీనా వీడియో కాలు సేసినాది. నిన్ను సూసి 'సార్! సార్!' అని గంతులేసింది. ఏసి, 'ఇంట్లో సూపర్‌వైజరు మీరా, మిస్సా?' అని నవ్వింది.

నువ్వు 'ఏ సూపర్‌వైజరు?' అన్నావు.

పాపం దానికేటి తెలుసు? 'అదే సార్, మీ సీటు. ఆరు నెల్లయ్యింది గదా మిస్ అందులో కూకుని' అంది.

నువ్వు కత్తి కింద ఎట్టీసినావు. మెల్లగా, సప్పుడు కాకుండా. సేతులికి సబ్బెట్టి కడుక్కున్నావు. తువ్వాలుతో తుడుసుకున్నావు. లోపలికెల్లిపోయావు. అంతే. కాయ సగం కోసింది అలాగే ఉండిపోనాది. సాయంత్రం నేనే అవతల పారేసినాను.

దాసింది తప్పే. మరి ఎలాగ సెప్పమంతావు? నువ్వు ఫోను సేసిన ప్రతిసారీ 'నా లాబులో ఫ్యాను బాగుసేసినారా? నా టైంటేబులే నడుత్తందా?' అని అడిగేవోడివి. నా, నా అని. 'నీది కాదు బావా, ఇప్పుడు నాది' అని ఏ నోటితో అనీది? నేను ఆ సీటు అడగనేదు. ఇచ్చినారు. వొద్దనొచ్చు గదా అంతావు. అనొచ్చు. అననేదు.

ఎందుకంటే... ఎందుకంటే నాకు కావాలనిపించింది.

అదిగో, మళ్లీ హారను. వత్తన్నానయ్యా ఢిల్లీబాబూ! ఒక్క నిమసం!

ఏటది? బొడ్లోంచి ఏటి తీత్తన్నావు?

బావా. అది నాదే.

ఇంతసేపూ నీ ఒంటి మీదే ఉందా? నేను ఇల్లంతా తలకిందులు సేత్తంటే నీ లుంగీ మడతలో ఎట్టుకుని కూకున్నావా?

ఇటియ్యి.

అటు కాదు, ఇటు! సెయ్యి ఎనక్కి తియ్యి. బావా, మంట! మంట అందుకుంతాది! అట్ట సుర్రుమన్నాదంటే అయిపోనాది. నీకు దండమెడతాను, ఎనక్కి తియ్యి.

సరే. సరే, నేను ముందుకి రాను. ఇదిగో, ఈ బట్టలుతికే రాయి ఇవతలే నిలబడ్డాను. సూడు, సేతులు కట్టీసుకున్నాను. లాక్కోను. లాక్కోడానికొత్తే నువ్వు సెయ్యి వొదిలీత్తావు, నాకు తెలుసు.

నీ ఏళ్లు కాలుతన్నాయి గదా. కొంచిం ఎనక్కి...

కాల్సి ఏటి సేత్తావు? మళ్లీ అప్లై సేత్తాను, కొత్తది వత్తాది. కానీ అది వొచ్చేలోగా నా పర్మిట్టు గడువు దాటిపోతాది. సీటు ఇంకోళ్లకి ఇచ్చీత్తారు. ఇంకో బడి సూసుకుందామా అంటే యాబై రెండేళ్లదానికి కొత్తగా ఎవులిత్తారు? ఆ సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు గదా. నిన్ను ఏ తలుపు కాడ ఆపీసినారో నువ్వు అదే తలుపు నా మొకాన ఏసీత్తావన్నమాట. ఆళ్లంటే పరాయోళ్లు. రూలన్నారు. నువ్వేటంతావు?

అయితే ఇను. కాల్సే ముందు ఇంకోటి ఇను. ఆ సీటు సంగతి కన్నా పెద్దది. అది ఇన్నాక కాల్సినా నేను అడ్డురాను.

నువ్వొచ్చీసిన నెలకి షరీఫా మేడం నన్ను పిలిసినాది. 'మిస్, సారుని మీ మీద డిపెండెంటుగా రప్పించుకోవచ్చు గదా. ఉద్యోగానికే గానీ దానికి వయసుతో పని నేదు. నేను సూసుకుంటాను' అంది. ఎంత మంచిగా అంది! 'సాయంత్రాలు పిల్లలికి ఊరికే పాఠాలు సెప్పుకుంటారు, ఆయనకీ బాగుంటాది' అని కూడా అంది.

నేను 'ఆయన్ని అడిగి సెప్తాను మేడం' అన్నాను.

నాలుగు రోజులు పోయాక ఎల్లి, 'ఆయన రానన్నారు' అని సెప్పినాను.

నేను నిన్ను అడగనేదు బావా. ఫోను సేతిలోకి కూడా తీసుకోనేదు.

... అలాగ సూడకు.

నాకు నేను ఒక కారణం సెప్పుకున్నాను. సారు అక్కడ మిస్సు మొగుడిగా సంచీ అట్టుకుని సేపల కాడికెల్తే, నీ దగ్గర సదువుకున్న గుంటలు సూత్తే, నువ్వు కుంగిపోతావని. కొత్త కుర్రోడు నీ లాబు తాళం తిప్పుకుంటా నీ ముందునుంచి ఎల్తే ఓర్సుకోలేవని. అది నిజమే. కానీ సగమే నిజం. ఇన్నాళ్లూ ఆ సగాన్నే పట్టుకుని నేను మంచిదాన్ని అనుకుంటా బతికినాను.

మిగతా సగం సెప్తాను.

నువ్వొచ్చీసిన వారానికే పర్మిట్టు పని మీద రాజధానికి ఎల్లాల్సొచ్చింది. మొదటిసారి ఒక్కదాన్నీ పడవెక్కినాను. దారంతా టికెట్టు సేతిలోనే నలిపీసినాను. దిగినాను, ఆఫీసు ఎతుక్కున్నాను, ఆ కిటికీ కాడ నిలబడి ఇంగ్లీషులో గట్టిగా మాటాడి పని సేయించుకున్నాను. తిరుగు పడవకి టైముందని ఒక కొట్లోకెల్లి ఐస్క్రీము కొనుక్కుని కుర్సీలో కూకుని తిన్నాను. ఎంత రుసిగా ఉందో! నువ్వు కళ్లొత్తుకుంటా పడవెక్కి వారం తిరగనేదు. నేను సెంచా నాకుతన్నాను. సిగ్గేసింది. సిగ్గేసినా సివరిదాకా తిన్నాను.

ఆ సముద్రం సంగతి కూడా సెప్పీనా?

నువ్వు ఏటా పదో తరగతిని నీటిలో దించి, వస్తువు ఎందుకు తేలతాదో పాఠం సెప్పేవోడివి గదా. నేను ఒడ్డున కూకుని మీ సెప్పులకి కాపలా కాసేదాన్ని. బారువ తీరానికి ఎన్నిసార్లు ఎల్లాం, అక్కడా మోకాలు దాటి నేను దిగింది నేదు. 'ఆడోళ్లకి ఎందుకులే, సీరలు తడిసిపోతాయి' అనేవోడివి. కోపంగా కాదు. మామూలుగానే అనేవోడివి.

ఈ సెలవులకి ముందు అమీనా, ఇంకో ఇద్దరు టీచర్లు కలిసి నన్ను దించీసినారు. సుడీదారుతోనే. 'ఎనక్కి వాలిపో మిస్, నీరు మోత్తాది' అన్నారు. సచ్చిపోతానేమో అనుకుంటా వాలినాను.

మోసింది బావా.

సెవుల్లోకి నీరెల్లిపోయి ఒక్క సప్పుడు నేదు. ఎవులికి టీ ఎట్టాలి, ఎవులు ఏటి అంతారు, ఎవులికి కోపమొచ్చింది, ఏదీ నేదు. పైన ఆకాశం ఒకటే. నవ్వొచ్చింది నాకు. నవ్వితే నోట్లోకి ఉప్పునీరు ఎల్లిపోనాది.

అప్పుడు నేను గుర్తొచ్చానా అని అడుగు. అడగవు గదా. నేనే సెప్తాను. రానేదు.

బయటికొచ్చి తల తుడుసుకుంటంటే గుర్తొచ్చావు. గుర్తొచ్చి బయమేసింది. నువ్వుంటే దిగనిచ్చేవోడివి కాదని కాదు. నేను దిగేదాన్ని కాదు. అంతే.

నువ్వు సెడ్డోడివైతే ఎంత బాగుండును! వొదిలీసొచ్చాననుకునేదాన్ని. మంచోడివి. మంచోడు పక్కనుంటే అన్నీ ఆడే సూసుకుంటాడు, ఇంక నాకు సూసుకోడానికి ఏటీ మిగలదు. అందుకే రమ్మననేదు. నీ పరువు గురించి కాదు, ఈ ఇంటి గురించి కాదు, సంపాదన గురించి అసలే కాదు. నాకు ఒక్కదాన్నీ ఉండడం బాగుంది. సీ, పైకంటే ఎంత పాపిట్టి మాటలాగ ఉందో.

అయిపోనాది. ఇంక నా కాడ ఏటీ నేదు. కాల్సుకుంటే కాల్సుకో.

...

ఏటి లెగిసావు?

సెంబెందుకు? బావా? ... పొయ్యి మీద నీళ్లు పోసీసావేటి! అబ్బా, పొగ! ఇటు రా, కళ్లల్లోకి ఎల్లిపోతాది. నీ ఏలు సూపించు. బొబ్బెక్కుతాది, ఎన్నపూస రాసుకో.

రాయి మీద ఎట్టీసావా.

సేతికియ్యలేవా? పోన్లే. తీసుకుంటాను. అట్ట ఇంకా ఏడిగా ఉంది.

ఒక్క మాటైనా అనవేటి? 'ఎల్లు' అను. నేకపోతే 'మళ్లీ ఈ గుమ్మం తొక్కకు' అను. ఏదో ఒకటి అంటే దాన్ని పట్టుకుని బండెక్కుతాను. ఇలాగ పీట మీద కూకుని తడిబూడిద పుల్లతో కెలికితే, నేను ఏటనుకుని ఎల్లాలి?

సరే. అనవు.

గెలిసి ఎల్తన్నానని అనుకోకు బావా. నాకూ అరవై వత్తాయి. ఎనిమిదేళ్లు ఏపాటి? షరీఫా మేడమో, ఇంకో మేడమో, గదిలోకి పిలిసి టీ ఇత్తాది. మీలాటి టీచరు మళ్లీ దొరకరంతాది. ఎవులో కుర్రగుంట సెవుల్లో తెల్ల ముక్కలెట్టుకుని వత్తాది, నేనూ బీరువాలు తెరిసి సూపిత్తాను. అది ఇనదు. అప్పుడు నా పాస్‌పోర్టు ఎవులూ దాసక్కర్లేదు.

అప్పుడు వత్తాను. నువ్వు రానిత్తావో నేదో, అది అప్పటి మాట.

వత్తన్నానయ్యా, వత్తన్నాను!

అన్నం వొండీసి ఉంది. పప్పులో ఉప్పు తగ్గింది, సూసి ఏసుకో. నువ్వు లెగకు బావా. గేటు నేనేసుకుంటాను.